ఇసుక మీద అడుగు: రెండు సౌదీ కథలు, ఫోలీ శబ్దం

వెండితెర మీద ఒక మనిషి ఇసుకలో నడుస్తాడు. అడుగు దిగబడిన ప్రతిసారీ మనకొక చప్పుడు వినబడుతుంది. చాలాసార్లు ఆ చప్పుడు ఆ ఇసుకదీ కాదు, ఆ కాలిదీ కాదు. చిత్రీకరణ ముగిసిన కొన్ని నెలల తరువాత, బయటి రొద చొరబడని ఒక గదిలో, తెర మీది బొమ్మను చూస్తూ మరొకరు తొట్టెలో పోసిన ఇసుక మీద అదే లయలో అడుగులు వేసి పుట్టించినది. హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ (1891–1967) పేరు మీద ఈ పనికి ఫోలీ అన్న పేరు స్థిరపడింది. మూకీల కాలం ముగుస్తున్నప్పుడు, 1929 నాటి 'షో బోట్' చిత్రానికి శబ్దం జోడించవలసి వచ్చిన సందర్భంతో ఆయన కృషి మొదలైందని చలనచిత్ర చరిత్రలు చెబుతాయి. 'స్పార్టకస్' (1960)లో రోమన్ సైన్యం నడిచే దృశ్యాన్ని మళ్ళీ తీయనక్కరలేకుండా తాళంచెవుల గుత్తి ఆడించి కవచాల చప్పుడు తెప్పించాడన్న కథ కూడా ఆ వృత్తిలో తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నదే.

ఫోలీని సాధారణంగా మూడు పాయలుగా పోగుచేస్తారు: అడుగులు, బట్టల కదలిక, చేతిలోని వస్తువులు. గాలి, పక్షులు, వీధి రొద వంటి వాతావరణ శబ్దాలు వేరు. పేలుళ్ళు, మోటార్లు వేరు. ఫోలీ మనిషి దేహం చుట్టూ తిరిగే శబ్దం. దేహం దేన్ని తాకిందో, ఎంత బరువుతో తాకిందో, ఎంత అలసటతో తాకిందో అది చెబుతుంది. వైద్యుడిగా నా ఆసక్తి ఇక్కడే మొదలవుతుంది.

ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నవి రెండు చిత్రాలు. రెండు కథలూ సౌదీ అరేబియాలో జరుగుతాయి. హైఫా అల్-మన్సూర్ తీసిన 'వాజ్దా' (2012) పూర్తిగా సౌదీ నేల మీద, రియాద్‌లో చిత్రీకరించిన తొలి కథాచిత్రం. బ్లెస్సీ తీసిన మలయాళ చిత్రం 'ఆడుజీవితం' (2024) కథ సౌదీదే అయినా చిత్రీకరణ ఎక్కువగా జోర్డాన్‌లోని వాదీ రమ్‌లోనూ, అల్జీరియా సహారాలోనూ జరిగింది. ఇది 'ది గోట్ లైఫ్' పేరుతో తెలుగులోకి కూడా డబ్బయింది. మొదటిదాంట్లో నోరు విప్పరాదన్న కట్టుబాటు ఉన్న పిల్ల. రెండవదాంట్లో మాట్లాడటానికి మనిషి తోడు లేక భాషే మరిచిపోతున్న కూలీ. మాటకు చోటు లేని ఇలాంటి కథలలో పాత్ర గురించి మనకు తెలిసేదానిలో పెద్ద భాగం ఫోలీ ద్వారానే తెలుస్తుందని, నేపథ్య సంగీతంతో దాన్ని కప్పివేసినప్పుడు నష్టపోయేది ఆ పాత్ర దేహమేనని నా ప్రతిపాదన.

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. ఒక వస్తువు చప్పుడును మరొక వస్తువుతో పుట్టించడం మోసం కాదా? మంచు మీద నడకకు మొక్కజొన్న పిండి, గుర్రపు డెక్కలకు కొబ్బరి చిప్పలు, విరిగే ఎముకకు సెలరీ కాడ వాడతారని వినగానే చాలామంది నవ్వుతారు. కాని వైద్యవిద్యలో మేము నేర్చుకున్నది సరిగ్గా దీనికి తిరుగుబాట. 1816లో స్టెతస్కోపును కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్, న్యుమోనియా వచ్చిన ఊపిరితిత్తిలో వినిపించే సన్నని చిటపటను సన్నసెగ మీద వేడెక్కే ఉప్పు చప్పుడుతో పోల్చాడు. మా అధ్యాపకులు చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు వేళ్ళ మధ్య నలిపి చూపించి, అది గుర్తు పెట్టుకొమ్మనేవారు. గట్టిపడిపోయిన ఊపిరితిత్తుల చప్పుడును ఇప్పటికీ వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు అని పుస్తకాలలో రాస్తారు. గుండె పైపొర వాచినప్పుడు వినబడే రాపిడి కొత్త తోలు కిర్రుమన్నట్టు ఉంటుంది. లోపల ఉన్నదాన్ని చూడలేని మేము చప్పుడును వస్తువుతో పోల్చి రోగాన్ని పట్టుకుంటాం. ఫోలీ కళాకారుడు వస్తువుతో మొదలుపెట్టి దేహాన్ని పట్టుకుంటాడు. దారి ఒకటే, ప్రయాణించే దిశ వేరు. పోలిక నిజానికి దగ్గరగా ఉందా అన్న ప్రశ్న రెండు వృత్తులకూ సమానమే. ఉప్పు ఊపిరితిత్తి కాదని లెనెక్‌ను ఎవరూ అబద్ధాలకోరు అనలేదు.

తెలుగు సినిమాకు ఫోలీతో ఉన్న సంబంధం కొంచెం విచిత్రమైనది. చిత్రీకరణ సమయంలోనే మాట పట్టే పద్ధతి మన దేశంలో దశాబ్దాల పాటు వెనకబడింది. తేలికగా మోసుకుపోగలిగినా రొద ఎక్కువ చేసే కెమెరాలు రావడం, బయటి చిత్రీకరణలు పెరగడం ఇందుకు కారణాలు. 'లగాన్' (2001) నాటికి గాని హిందీలో ఆ పద్ధతి మళ్ళీ చర్చకు రాలేదు. తెలుగులో తరువాత గొంతు కలపడమే ఆనవాయితీ. నటీనటుల గొంతులను స్టూడియోలో తాజాగా పట్టినప్పుడు, సెట్టులో మాటతోపాటు మైకులో పడిన గాజుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, ఊపిరి, అన్నీ పోతాయి. ఆ ఖాళీని ఎవరో ఒకరు చేతులతో, కాళ్ళతో నింపాలి. అంటే ఫోలీ అవసరం మనకు మిగతావాళ్ళకన్నా ఎక్కువ. మనం మాత్రం ఆ ఖాళీని చాలాకాలం నేపథ్య సంగీతంతోనూ, 'డిష్యుం'తోనూ నింపుకొంటూ వచ్చాం. సినిమా శబ్దం ఒకటి ఊళ్ళో పిల్లల నోట మాటగా స్థిరపడిన సందర్భం 'డిష్యుం' తప్ప మరొకటి తోచదు. దాని మహిమ ఏమిటంటే, అది విన్నాక ఎవరికీ నొప్పి గుర్తు రాదు. నిజమైన పిడిగుద్దు చప్పుడు మొద్దుగా, తక్కువగా ఉంటుంది. దెబ్బ తిన్నవాడి ఊపిరి ఒక్కసారి ఆగి మళ్ళీ అందుకొనే చప్పుడులోనే నొప్పి ఉంటుంది.

మినహాయింపులు లేవని కాదు. వినికిడి లోపమున్న చిట్టిబాబును కథానాయకుడిగా పెట్టుకొని, ఊరివాళ్ళ చేత అతన్ని 'సౌండ్ ఇంజనీరు' అనిపించిన 'రంగస్థలం' (2018) శబ్దాన్ని కథలో భాగం చేసుకున్న చిత్రం. దాని శబ్దమిశ్రణానికి ఎం. ఆర్. రాజకృష్ణన్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. సినిమాలన్నీ సాధారణంగా చెవుడును అన్ని చప్పుళ్ళూ సమానంగా తగ్గించి చూపుతాయి గాని, లోపలి చెవి దెబ్బతిన్నవారికి ముందుగా పోయేవి పై స్థాయి ధ్వనులు. స, ష, త వంటి హల్లులు జారిపోయి అచ్చులు మిగులుతాయి. మాట వినబడుతుంది, అర్థం కాదు. ఆ సంగతి మరో వ్యాసానికి వదులుతాను.

'ఆడుజీవితం' దగ్గరకు వస్తే, బెన్యామిన్ 2008లో ప్రచురించిన నవలకు ఇది చిత్రరూపం. శబ్దరూపకల్పన రసూల్ పూకుట్టిది. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' శబ్దానికి 2009లో ఆస్కార్ అందుకున్నవారిలో ఒకరు. ఈ చిత్రం శబ్దమిశ్రణానికి కేరళ రాష్ట్ర పురస్కారం కూడా లభించింది. 2020 వసంతంలో మహమ్మారి మూలంగా చిత్రబృందం జోర్డాన్‌లో చిక్కుబడిపోయిన కథ పత్రికలలో చాలామంది చదివే ఉంటారు. వాదీ రమ్ 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962) నాటినుంచీ తెర మీద అరేబియాకు బదులు నిలబడుతున్న చోటు. అంటే ఈ చిత్రంలో మనం చూసే ఇసుక కూడా సౌదీ ఇసుకకు మారుగా నిలిచిన ఇసుకే. కంటికి ఒక ప్రత్యామ్నాయం, చెవికి మరొకటి.

నజీబు కేరళలో ఏటి నుంచి ఇసుక తీసే కూలీ. ఈ ఒక్క వివరంలో కథ అంతా ఉంది. నీటి అడుగున మునిగి తట్టతో తోడిన తడి ఇసుక అతని బతుకుతెరువు. గల్ఫుకు వెళ్ళి, విమానాశ్రయంలో ఎవరో కఫీల్ చేతిలో పడి, మేకల దొడ్డి చేరాక అతని చుట్టూ ఉన్నదీ ఇసుకే, కాకపోతే చుక్క నీరు లేనిది. ఈ రెండు ఇసుకలనూ చెవికి వేరుచేసి చూపడం ఫోలీ కళాకారుడికి ఈ కథ పెట్టే మొదటి పరీక్ష. తడి ఇసుక బరువుగా, ముద్దగా పడుతుంది. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. నీటి చప్పుడు దాన్ని ఎన్నడూ విడవదు. ఎండు ఇసుక జారుతుంది. అడుగు పెట్టినప్పుడు కన్నా అడుగు తీసినప్పుడు ఎక్కువ చప్పుడు చేస్తుంది, ఎందుకంటే గుంటలోకి అంచులు కూలుతాయి. నా దృష్టిలో ఈ చిత్రంలోని ఉత్తమ భాగం ఏరు నుంచి ఎడారికి, ఎడారి నుంచి ఏరుకు మారే సంధుల దగ్గర ఉంది. తడి పోయిందన్న సంగతి ఏ సంభాషణా చెప్పనక్కరలేదు.

మన భాష ఇక్కడ ఒక చిన్న సాక్ష్యం చెబుతుంది. ధ్వన్యనుకరణ పదాల్లో తెలుగుకు లోటు లేదు. నీళ్ళు గలగలా పారతాయి, ఎండుటాకులు గలగలమంటాయి, పాము సరసరా పోతుంది, ఇసుక పళ్ళ కింద కరకరలాడుతుంది. కాని ఎండు ఇసుకదిబ్బ మీద నడిచే అడుగుకు మనకు స్థిరమైన పదం లేదు. ఏటి ఇసుకలో ఆడుకున్న జాతికి దాని అవసరం రాలేదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి లక్షలమంది గల్ఫుకు వెళ్ళి దశాబ్దాలైనా ఆ అనుభవం మన పదాలలోకి ఎక్కువగా ఎక్కలేదు. 'గల్ఫ్' (2017) వంటి ఒకటి రెండు ప్రయత్నాలు మినహా మన సినిమాలోకీ ఎక్కలేదు.

దొడ్డిలో నజీబు తినేది ఎండిపోయిన ఖుబ్జ్ రొట్టె. దాన్ని నీటిలో ముంచుకొని తింటాడు. విరిగే రొట్టె, నీటి పాత్ర, గడ్డి, మేకల గిట్టలు, ఇవే అతని ప్రపంచపు శబ్దకోశం. కఫీల్ మాట్లాడే అరబీ అతనికి అర్థం కాదు. అతనికి అది కోపం పాళ్ళు హెచ్చుతగ్గులుగా ఉన్న చప్పుడు మాత్రమే. అతని సొంత మాట క్రమంగా తగ్గిపోయి, మేకలతో మాట్లాడే గొంతుగా మారుతుంది. ఈ దశలో బట్టల పాయను వినండి. నెలల తరబడి ఉతకని అంగీ చెమట, మట్టి పట్టి అట్టగట్టి ఉంటుంది. అది కొత్త గుడ్డలా మెత్తగా కదలదు. అతని దారిద్ర్యం కంటికి ఎంత తెలుస్తుందో చెవికీ అంత తెలియాలి.

ఎడారిలో గాలి గురించి ఒక మాట. సౌదీలో పనిచేసిన సంవత్సరాలలో పట్టణం దాటి ఎడారిలోకి వెళ్ళినప్పుడల్లా నన్ను ఆశ్చర్యపరచినది ఇదే: గాలికి సొంత చప్పుడు లేదు. చెట్టు లేదు, ఆకు లేదు, తీగ లేదు. గాలి చెవి అంచును రాసుకొన్నప్పుడు, తలగుడ్డ కొంగు టపటపమన్నప్పుడు, గుడారపు తాడు బిగిసినప్పుడు మాత్రమే అది వినబడుతుంది. సినిమాలు ఎడారి అనగానే ఒక ఈల వంటి గాలిని నేపథ్యంలో పరిచేస్తాయి. నిజానికి ఎడారిలో గాలిని వినిపించవలసినవాడు బట్టల పాయ చేసే ఫోలీ కళాకారుడు. మరో వైపు, నిజంగా అక్కడ ఉన్న శబ్దాన్ని ఏ సినిమా కూడా ధైర్యంగా వాడుకోదు. రుబ్ అల్-ఖాలీ వంటి చోట్ల పొడి ఇసుక దిబ్బ వాలు మీదుగా జారినప్పుడు వంద హెర్ట్జ్‌కు కొంచెం అటూ ఇటూగా, విమానపు ఇంజను దూరాన మూలిగినట్టు ఒక ఝంకారం పుడుతుంది. 1930లలో ఆ ఎడారిని దాటిన ఆంగ్ల యాత్రికులు బెర్‌ట్రమ్ థామస్, ఫిల్బీ దాన్ని గురించి రాశారు. తెర మీద వినిపిస్తే ప్రేక్షకుడు నమ్మడు, సంగీతమనుకుంటాడు. నిజం కన్నా నమ్మదగినదాన్ని ఎంచుకోవలసి రావడం ఈ కళలోని ఇబ్బంది.

పారిపోయే ఘట్టంలో ముగ్గురు నడుస్తారు: నజీబు, హకీము, ఇబ్రహీం ఖాదిరి. ఎడారి నడకలో వైద్యుడు వినేవి వేరు. ఆసుపత్రిలో మేము నడకను చూడకముందే వింటాం. పాదం ఎత్తలేనివాడి అడుగు నేలను చరుస్తుంది. పార్కిన్సన్స్ వచ్చినవారి కాలు ఈడ్చుకొస్తుంది. నిర్జలీకరణ చెందినవాడి అడుగులు సమదూరంలో పడవు. పడిన అడుగుకు, పడవలసిన అడుగుకు మధ్య విరామం పెరుగుతూ పోతుంది. నోరు ఎండిపోయినవాడు మాట్లాడితే నాలుక అంగిటికి అంటుకొని ఊడే చిన్న చప్పుడు వస్తుంది. వేసవిలో బయట పనిచేసి వడదెబ్బతో వచ్చిన కూలీల దగ్గర నేను మాటకన్నా ముందు విన్నది అదే. దాహంతో చనిపోబోయే పాత్రలు స్ఫుటంగా సంభాషణ చెప్పడం మన సినిమాలకు మామూలు; 'ఆడుజీవితం' చాలామేరకు ఆ పని చేయదు. కాని హకీము ప్రాణం పోయే భాగంతో సహా ఈ నడకలో ఏ. ఆర్. రహమాన్ సంగీతం కావలసినదానికన్నా ఎక్కువసేపు నిలబడిందని నా అభిప్రాయం. ఆ సంగీతం మంచిది కాదని కాదు. నడక దూరాన్ని కొలిచే సాధనం అడుగు ఒక్కటే. స్వరం వచ్చి దాని మీద వాలగానే మనం వాళ్ళతో నడవడం మాని వాళ్ళ మీద జాలిపడటం మొదలుపెడతాం. జాలి సులభం.

తెలుగులో చూసినవారికి ఇందులో మరో కోణం ఉంది. డబ్బింగు కోసం ఒక చిత్రాన్ని పంపేటప్పుడు మాటలు తీసివేసి, సంగీతాన్నీ ఇతర శబ్దాలనూ కలిపిన వేరు పాయగా ఇస్తారు. మాటతోపాటు సెట్టులో పడిన చప్పుళ్ళు ఆ పాయలో ఉండవు కనుక, ఫోలీ నిండుగా చేసి ఉంటేనే పరాయి భాషలో ఆ పాత్ర బతుకుతుంది. లేకపోతే గొంతు ఉండి దేహం లేని మనుషులు తెర మీద తిరుగుతారు. డబ్బింగు సినిమాల్లో చాలాకాలం మనం విన్న ఆ 'డొల్లతనం' అనువాద సంభాషణలది మాత్రమే కాదు. 'ది గోట్ లైఫ్' తెలుగు సంభాషణలు అక్కడక్కడ పుస్తకభాషలా పలికినా, నజీబు దేహం చెక్కుచెదరకుండా మనదాకా వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌లో ల్యాప్‌టాప్ మీద చూసిన మిత్రులు ఎడారి భాగం 'నెమ్మదిగా' ఉందన్నారు. చిన్న స్పీకర్లు కింది స్థాయి ధ్వనులను పలికించలేవు. బరువుగా దిగబడే అడుగులో బరువు ఉన్నది అక్కడే. అది పోతే మిగిలేది నెమ్మదితనమే. మంచి హెడ్‌ఫోన్లతో మళ్ళీ చూడమని వారికి నేను రాసిన చీటీకి మందుల పేర్లు అక్కరలేకపోయింది.

'వాజ్దా' ఇంతకన్నా చిన్న గొంతు ఉన్న చిత్రం. సౌదీలో సినిమా హాళ్ళు లేని కాలంలో తీసినది. తొలి బహిరంగ ప్రదర్శన రియాద్‌లో 2018 ఏప్రిల్ 18న జరిగేదాకా ఆ దేశంలో ముప్పై అయిదేళ్ళకు పైగా హాళ్ళు లేవు. జర్మన్ నిర్మాతల తోడ్పాటుతో తీసిన ఈ చిత్రానికి కొన్ని వీధి దృశ్యాలలో దర్శకురాలు మగవాళ్ళ మధ్య బహిరంగంగా నిలబడలేక, వ్యానులో కూర్చొని వాకీటాకీలో సూచనలిచ్చింది. దర్శకురాలే తన చిత్రానికి తెర వెనక గొంతయింది.

చిత్రం మొదట్లోనే కెమెరా బడిపిల్లల పాదాల దగ్గర ఉంటుంది. అందరివీ ఒకే రకం నల్ల బూట్లు, వాజ్దావి క్యాన్వాసు బూట్లు. ఆడవాళ్ళ గొంతు బయటి మగవాళ్ళ చెవిన పడరాదని ప్రధానోపాధ్యాయురాలు పిల్లలను గద్దిస్తుంది. గొంతు మీద నిషేధం ఉంది గాని అడుగు మీద లేదు. ఒక బూటు అడుగు గట్టిది, మరొకదానిది రబ్బరు. బడి నడవాలో ఆ తేడా వినబడుతుంది. బూట్లు నల్లగానే ఉండాలన్న ఆజ్ఞకు వాజ్దా చేసే ఉపాయం, తన క్యాన్వాసు బూట్లకే మార్కరుతో నల్ల రంగు పూయడం. కంటికి విధేయత కుదిరింది. అడుగున రబ్బరు మాత్రం అదే. దర్శకురాలు బూట్ల రంగు దగ్గర ఈ హాస్యాన్ని ఆపింది గాని, ఫోలీ చేసేవారికి ఇందులో ఒక పూర్తి పాత్ర ఉంది.

సైకిలు సంగతి వేరు. పచ్చ సైకిలు వెల 800 రియాళ్ళు. అది తొలిసారి కనబడేటప్పుడు గోడ అవతల లారీ మీద వెళుతూ, గాలిలో తేలుతున్నట్టుంటుంది. అంటే మొదట అది చప్పుడు లేని వస్తువు, కేవలం చూపు. నేల మీదికి దిగి, గొలుసు పళ్ళచక్రం మీద ఎక్కి, టైరు కంకర తొక్కినప్పుడే అది ఆ పిల్లది అవుతుంది. అబ్దుల్లా సైకిలు మీద మేడ పైన నేర్చుకొనే ఘట్టంలో చుట్టూ గోడలు. అక్కడ చప్పుడు తిరిగి తన దగ్గరకే వస్తుంది. చివర తల్లి కొనిచ్చిన సైకిలెక్కి వీధిలో అబ్దుల్లాను దాటి వెళ్ళి, పెద్ద రహదారి అంచున ఆగుతుంది. అక్కడ గోడలు లేవు. లారీలూ కార్లూ పోతూ ఉంటాయి.